పన్ను రిటర్ను వేసిపెట్టినందుకు ఎంత ఇవ్వాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకునే ఖర్చు గురించే ఉన్నాయి. రాసినవారు వేర్వేరు దేశాలలో ఉంటున్నారు కాబట్టి ఇంత ఇవ్వండి అని ఒక అంకె చెప్పడం కుదరదు. ఆ అంకె ఎక్కడ పుడుతుందో, ఎందుకు పెరుగుతుందో మాత్రం చెప్పగలను. చాలా ఏళ్ళు బల్లకు అవతలి వైపు కూర్చుని ఫీజు అడిగినవాణ్ణి గనుక నా మాటల్లో కొంత స్వపక్షాభిమానం కనిపిస్తే ఆ మేరకు తగ్గించి చదువుకోగలరు.

ప్రశ్న: నేను జీతం మీద బతికే ఉద్యోగిని. ఐదేళ్ళుగా ఒకే ఆడిటరు గారి దగ్గర రిటర్ను వేయిస్తున్నాను. నిరుడు ఇంటి పైభాగం అద్దెకిచ్చాను, అవసరం పడి కొన్ని షేర్లు అమ్మాను. జీతం మాత్రం ఒక్క రూపాయి పెరగలేదు. అయినా ఈసారి ఫీజు రెండింతలకు మించి అడిగారు. ఆదాయం పెద్దగా పెరగకుండా పని ఎలా పెరుగుతుందండీ?

జవాబు: ఆదాయం ఎంత వచ్చిందన్నదాని కంటే అది ఎన్ని దారుల్లో వచ్చిందన్నదే పనిని ఎక్కువగా పెంచుతుంది. జీతం విషయంలో లెక్క కట్టడం, పన్ను కోయడం, ఏడాది చివర ధ్రువపత్రం ఇవ్వడం అంతా మీ యజమానే చేసి పెడతాడు, ఆడిటరు గారు ఆ అంకెలను సరిచూసి ఎక్కిస్తే చాలు. అందుకే ఎంత పెద్ద జీతమైనా, అది ఒక్కచోట నుంచే వస్తుంటే, ఆ రిటర్ను అరగంట పని.

షేర్లు అమ్మినప్పుడు కథ వేరు. అమ్మిన ధర మీకు గుర్తుంటుంది, కొన్న ధర గుర్తుండదు. ఎనిమిదేళ్ళ కిందట మూడు విడతలుగా కొన్న షేర్లు, మధ్యలో ఒకసారి బోనస్‌గా ఉచిత షేర్లు వచ్చి, మరోసారి ఒక్కో షేరు చిన్న విలువ షేర్లుగా ముక్కలై, చివరికి అందులో కొంత భాగం మాత్రమే అమ్ముడైతే, అమ్మినవి ఏ విడతవి, వాటి అసలు ఖరీదెంత, ఎన్నాళ్ళు చేతిలో ఉంచుకున్నారు అన్న మూడు సంగతులూ తేలితే తప్ప లాభం ఎంతో, దాని మీద ఏ రేటు పడుతుందో తేలదు. అద్దె కూడా అంతే. ఇంట్లో అద్దెకిచ్చిన భాగం ఎంత, ఏ నెల నుంచి ఇచ్చారు, గృహరుణం మీద వడ్డీలో ఆ భాగానికి ఎంత చెందుతుంది, పైకప్పు బాగుచేయించిన ఖర్చు ఇల్లంతటికీ చెందుతుందా లేక ఆ వాటాకేనా అని ఒక్కొక్కటీ తేల్చాలి. ఇవి కూడికలు, తీసివేతల కంటే ఎక్కువగా నిర్ణయాలు. వాటిలో ఒకటి తప్పితే మూడేళ్ళ తరువాత నోటీసు వస్తుంది కనుక ఆ బాధ్యతకు కూడా ఆయన కొంత ధర కట్టుకుంటారు.

ఫీజు కట్టే పద్ధతులు ప్రధానంగా మూడు. కొందరు రిటర్నుకు ఇంత అని ఏకమొత్తం చెబుతారు, కొందరు నింపవలసిన ఫారాల లెక్కన, మరికొందరు గంటల లెక్కన తీసుకుంటారు. జర్మనీలో పన్ను సలహాదారుల ఫీజుకు ప్రభుత్వ పట్టికే ఉంది. అక్కడ మీ ఆదాయాల మొత్తాన్ని బట్టి పట్టికలో ఒక పూర్తి ఫీజు కనిపిస్తుంది, ఆదాయపు పన్ను రిటర్నుకు అందులో పదో వంతు మొదలు పదింట ఆరు వంతుల దాకా పని బరువును బట్టి తీసుకోవచ్చు, అద్దె వంటి ఒక్కో రకం ఆదాయాన్ని విడిగా తేల్చవలసి వస్తే దానికి మళ్ళీ వేరే లెక్క. ఆదాయాన్ని కొలమానంగా పెట్టుకున్న ఆ పట్టిక కూడా దారులు పెరిగిన కొద్దీ ఫీజు పెరుగుతుందని ఒప్పుకున్నదని గమనించండి.

మీరు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మీ షేర్ల కొనుగోలు చరిత్రను ఆడిటరు గారు ఈ సంవత్సరం ఒకసారి తవ్వితీశారు, ఇంటి వాటాల లెక్క ఒకసారి కట్టారు. వచ్చే ఏడాది ఆ పని మళ్ళీ మొదటి నుంచి చేయనక్కరలేదు. కాబట్టి ఈసారి ఫీజులో మొదటిసారి పని ఎంత, ఏటా ఉండే పని ఎంత అని విడదీసి చెప్పమనండి, ఆ లెక్కల కాగితాల ప్రతి మీరూ తీసి ఉంచుకోండి. రెండింతలు అడిగినందుకు నేను ఆయనను తప్పుపట్టను. వచ్చే ఏడాది కూడా అంతే అడిగితే మాత్రం తప్పుపడతాను.

ప్రశ్న: నాకు ఉద్యోగంతో పాటు సాయంత్రాలు డిజైన్ పని కూడా ఉంది. ఒకే కాగితాలు చూపిస్తే ఒకరు చెప్పిన ఫీజుకు మరొకరు రెండున్నర రెట్లు చెప్పారు. ఎక్కువ తీసుకునేవారు ఎక్కువ శ్రద్ధగా చేస్తారని నమ్మవచ్చా?

జవాబు: నమ్మడానికి వీల్లేదు. అమెరికా కాంగ్రెసు కోసం ప్రభుత్వ పనులను తనిఖీ చేసే జీఏఓ అనే సంస్థ 2014లో ఈ సంగతిని దగ్గర నుంచి చూసింది. ఆ సంస్థ మనుషులు మామూలు ఖాతాదారుల వేషంలో, రిటర్నులు వేసిపెట్టే 19 కార్యాలయాలకు వెళ్ళారు. కొన్నిచోట్ల టిప్పులు పుచ్చుకునే హోటల్ ఉద్యోగినిగా, మిగిలిన చోట్ల పక్కపని ఉన్న మెకానిక్‌గా చెప్పుకున్నారు. హోటల్ ఉద్యోగిని రిటర్నుకు అడిగిన ఫీజు 160 డాలర్ల నుంచి 408 డాలర్ల దాకా, మెకానిక్ రిటర్నుకు 300 నుంచి 587 దాకా పలికింది. ఒకే సంస్థకు చెందిన రెండు శాఖల మధ్య కూడా తేడా కనిపించింది. రీఫండ్‌ను, అంటే ఎక్కువ కట్టినందుకు వెనక్కి రావలసిన పన్నును, సరిగ్గా లెక్కకట్టినవి ఆ 19లో రెండే. తప్పులలో ఒకటి 52 డాలర్లు తక్కువ చూపితే, మరొకటి 3,718 డాలర్లు ఎక్కువ చూపింది. జీతపు కాగితంలో కనిపించని ఆదాయం, అంటే టిప్పుల వంటిది, 12 చోట్ల రిటర్నులోకి ఎక్కనే లేదు.

పందొమ్మిది కార్యాలయాల మాట లోకమంతటికీ వర్తించదు. అయినా మీ వంటి పక్కపని ఉన్నవారికి ఆ చివరి అంకె ముఖ్యం. ఫీజు చెప్పే ముందు ఆయన మిమ్మల్ని ఏమేమి అడిగారో గుర్తు తెచ్చుకోండి. ‘ఇంకేమైనా ఆదాయం ఉందా, డబ్బు చేతికిచ్చినవారు ఎవరైనా ఉన్నారా, కంప్యూటరు ఇంటి పనికి కూడా వాడుతున్నారా, ఖర్చుకు రసీదులున్నాయా’ అని విసుగు పుట్టించేలా అడిగినవారికి నా ఓటు, వారు ఎక్కువ ఫీజు చెప్పినా తక్కువ చెప్పినా. కాగితాలు అందుకుని, ఒక్క ప్రశ్నా వేయకుండా ఫలానా అంకె అని చెప్పినవారు, ఆ అంకె ఎంత చిన్నదైనా, మీ పక్కపనిని చూడలేదన్నమాట.

ఇంకొక తేడా కూడా రెండు ఫీజుల మధ్య దాగి ఉండవచ్చు. ఒకరు రిటర్ను దాఖలు చేయడంతో పని ముగిసిందంటారు. మరొకరు పన్ను శాఖ నుంచి తరువాత వచ్చే ఉత్తరాలకు జవాబు రాయడం కూడా ఆ మొత్తంలోనే కలిపి చెబుతారు. రిటర్ను రాసే ప్రతివారికీ మీ తరఫున పన్ను అధికారి ముందు నిలబడే హక్కు కూడా ఉండదు. అమెరికాలో సీపీఏలు అనే లైసెన్సు పొందిన అకౌంటెంట్లకు, న్యాయవాదులకు, పన్ను శాఖే గుర్తింపునిచ్చిన ఎన్‌రోల్డ్ ఏజెంట్లకు ఆ హక్కు పూర్తిగా ఉంటుంది, తక్కిన వారికి పరిమితంగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. రెండు ధరలు పోల్చే ముందు రెండూ ఒకే సరుకుకేనా అని చూసుకోవాలి.

ప్రశ్న: మాది చిన్న వ్యాపారం. కాగితాలన్నీ జాగ్రత్తగానే దాచాం. అయినా మా ఆడిటరు గారు ‘సర్దుబాటు ఖర్చు’ అని అసలు ఫీజులో మూడో వంతు అదనంగా వేశారు. దాచడం మా తప్పా?

జవాబు: అమ్మా, దాచడం వేరు, సర్దడం వేరు. నా అనుభవం ఒకటి చెబుతాను. వృత్తిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక దంపతుల రిటర్నుకు ఫోన్‌లోనే ఏకమొత్తం ఫీజు చెప్పేశాను. మరునాడు వారు గుడ్డసంచి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో కరెంటు బిల్లుల మధ్య బ్యాంకు కాగితాలు, పెళ్ళిపత్రిక వెనుక రాసిన అప్పుల లెక్క, తుప్పుపట్టిన పిన్నుతో నాలుగేసి కలిపి కుట్టిన రసీదులు ఉన్నాయి. అసలు కష్టం యంత్రం కొట్టిచ్చిన రసీదుల దగ్గర వచ్చింది. ఆ కాగితం మీది అక్షరాలు వేడికి ఏర్పడేవి కాబట్టి ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి. దీపం కింద వాలుగా పట్టుకుని, తేదీ కనిపిస్తే మొత్తం కనిపించక, మొత్తం కనిపిస్తే కొన్నదేమిటో కనిపించక, రెండు సాయంత్రాలు గడిపాను. రిటర్ను నింపడానికి పట్టింది గంటన్నర. ఒప్పుకున్న ఫీజు గంటన్నరకు సరిపోయేదే. అప్పటి నుంచి సంచి చూడకుండా అంకె చెప్పడం మానేశాను.

మీరు అదనంగా ఇస్తున్నది ఆ రెండు సాయంత్రాలకు. దానిని తగ్గించుకోవడం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. రసీదు వచ్చిన రోజే ఫోన్‌తో ఫొటో తీయండి. నెలకొకసారి అమ్మకాలు, అద్దె, జీతాలు, రవాణా, మరమ్మతులు అని నాలుగైదు శీర్షికల కింద మొత్తాలు రాయండి. సొంత ఇంటి ఖర్చూ వ్యాపార ఖర్చూ ఒకే ఖాతాలో నడిపితే ఎవరికైనా ప్రతి వరుస దగ్గరా ఆగి ‘ఇది దేనికి?’ అని అడగక తప్పదు, కాబట్టి వ్యాపారానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఫీజు మిగిల్చేది ఈ చివరి పనే.

కాగితాలు ఇచ్చే తేదీకి కూడా ధర ఉంటుంది. గడువుకు ముందు వారంలో వచ్చినవారి దగ్గర ఎక్కువ తీసుకునే అలవాటు ఈ వృత్తిలో ఉన్నదే, దాన్ని నేను సమర్థిస్తాను కూడా. నిపుణుడి ద్వారా వేస్తే గడువే పెరిగే దేశాలు లేకపోలేదు. జర్మనీలో సొంతంగా వేసేవారికి మామూలుగా మరుసటి ఏడాది జులై చివరి దాకా సమయం ఉంటే, పన్ను సలహాదారు ద్వారా వేసేవారికి ఆ పై సంవత్సరం ఫిబ్రవరి చివరి దాకా ఉంటుంది.

ప్రశ్న: ఒకాయన ముందుగా పైసా అక్కర్లేదన్నారు. వచ్చే రీఫండ్‌లో పదో వంతు ఇస్తే చాలట. రాకపోతే ఏమీ ఇవ్వనక్కరలేదట. మా ఆఫీసులో నలుగురు ఆయన దగ్గరే వేయించారు, అందరికీ బాగానే వచ్చింది. ఇది మనకు లాభమే కదా?

జవాబు: వద్దు. ఈ ఉత్తరాలలో ఇంత గట్టిగా చెప్పవలసింది ఇదొక్కటే.

రీఫండ్ అంటే మీరు ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి రావడం. అది ఎంత రావాలో చట్టమూ మీ కాగితాలూ కలిసి ముందే నిర్ణయించేశాయి. నిజాయితీగా లెక్కకట్టేవారు ఎవరైనా దాదాపు ఒకే అంకెకు చేరాలి. ఆ అంకె పెరిగితే తన వాటా పెరిగే మనిషికి దాన్ని పెంచే దారులు రెండే. మీరు మరిచిపోయిన న్యాయమైన మినహాయింపు వెతకడం ఒకటి, లేనిది రాయడం మరొకటి. మొదటిది తొందరగా అయిపోతుంది. ఆ తరువాత ఇవ్వని విరాళాలు, కట్టని అద్దె, లేని వైద్యఖర్చు మొదలవుతాయి. మీ నలుగురు సహోద్యోగులకు డబ్బు వచ్చిందంటే రిటర్ను సరైనదని తేలినట్టు కాదు. చాలా దేశాలలో రీఫండ్ ముందు వస్తుంది, పరిశీలన తరువాత వస్తుంది.

భారతదేశంలో 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా ఇటువంటి మధ్యవర్తుల మీద, 150 చోట్ల, తనిఖీలు జరిపింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ రిటర్నులను సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకున్నారని శాఖ అప్పుడు ప్రకటించింది. ఆ ప్రకటనలో నన్ను ఆపిన సంగతి మరొకటి ఉంది. ఆ మధ్యవర్తులు కొందరు వందల రిటర్నుల కోసం తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు తెరిచి, పని అయ్యాక వదిలేసేవారు. శాఖ పంపిన నోటీసులు ఎవరూ తెరవని ఆ పెట్టెల్లోకి వెళ్ళి పడి ఉండేవి. రిటర్ను మీ పేరు మీదే ఉంటుంది, నోటీసు వచ్చిన సంగతి మాత్రం మీకు తెలియదు.

అందుకే ఈ రకం ఫీజును వృత్తి సంస్థలూ ప్రభుత్వాలూ అనుమానంగానే చూస్తాయి. భారతదేశపు చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949, కొన్ని మినహాయింపులు తప్ప, ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా లెక్కిస్తుంది. రీఫండ్‌లో శాతం అడిగేవారికి దూరంగా ఉండమని అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ చెబుతూనే ఉంటుంది. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసేవారు దాని మీద సంతకం చేసి, పన్ను శాఖ తమకిచ్చిన పీటిన్ అనే గుర్తింపు సంఖ్య వేయాలని కూడా అక్కడ నియమం ఉంది. ఆ సంతకం చేయకుండా తప్పించుకునేవారిని అక్కడ దెయ్యపు ప్రిపేరర్లు అంటారు. పేరు బాగా పెట్టారనిపిస్తుంది.

మీ సహోద్యోగులకు కూడా ఒక మాట చెప్పండి: రిటర్నులో ఉన్న ఈమెయిలూ ఫోన్ నంబరూ, రీఫండ్ చేరవలసిన బ్యాంకు ఖాతా తమవేనా అని ఈ రాత్రే తెరిచి చూసుకోవాలి.

ప్రశ్న: ఆడిటరుకు ఇచ్చిన ఫీజును ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవచ్చా?

జవాబు: దేశాన్ని బట్టి ఉంటుంది. ఆస్ట్రేలియాలో పన్ను వ్యవహారాలు చూసుకోవడానికి అయిన ఖర్చును, ఫీజు కట్టిన సంవత్సరపు రిటర్నులో, ఉద్యోగులు కూడా చూపుకోవచ్చు. అమెరికాలో వ్యక్తులకు ఆ వీలు 2018 నుంచి లేదు, 2025లో వచ్చిన చట్టం ఆ తొలగింపును శాశ్వతం చేసింది. అయితే సొంత వ్యాపారం ఉన్నవారు వ్యాపార భాగపు లెక్కలకు ఇచ్చిన ఫీజును వ్యాపార ఖర్చుగా చూపవచ్చు. భారతదేశంలోనూ వ్యాపారికీ వృత్తిదారుకూ ఆ వీలుంది, జీతగానికి లేదు. వ్యాపారం ఉన్నవారు బిల్లులో రెండు భాగాలూ విడివిడిగా రాయించుకోవడం మంచిది.

ప్రశ్న: నాకు పింఛనూ బ్యాంకు వడ్డీ తప్ప మరేమీ లేవు. మా అబ్బాయి ‘నీకు ఆడిటరెందుకు నాన్నా?’ అంటాడు. ఇన్నేళ్ళ అలవాటు మానుకోవడానికి భయంగా ఉంది.

జవాబు: మీ అబ్బాయి మాట వినవచ్చు. మీ వంటివారి ఆదాయం వివరాలు బ్యాంకూ పింఛను కార్యాలయమూ పన్ను శాఖకు ముందే పంపుతాయి. స్వీడన్‌లో శాఖే రిటర్ను నింపి పంపుతుంది, సరిపోయిందనుకుంటే ఫోన్ నుంచి ఒక సంక్షిప్త సందేశంతో ఆమోదించవచ్చు. జపాన్‌లో ఉద్యోగులలో చాలామందికి ఏడాది చివర యజమానే లెక్క సరిచేస్తాడు, బ్రిటన్‌లో జీతం నుంచే పన్ను కోతపడే ఉద్యోగులు ఎక్కువమంది రిటర్నే వేయరు. వేయవలసిన దేశాలలో కూడా సహాయం ఉచితంగా దొరికే చోట్లు ఉన్నాయి. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి వీటా, అరవై దాటినవారికి టీసీఈ అనే స్వచ్ఛంద సేవలు ఉన్నాయి, కెనడాలోనూ అటువంటిది ఉంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ముందే నింపి ఉన్న రిటర్నులో శాఖకు తెలిసినవే ఉంటాయి. ఎవరికైనా అప్పిచ్చి వడ్డీ తీసుకుంటుంటే, పొలం కౌలు వస్తుంటే, అవి అందులో కనబడవు, మీరే చేర్చాలి. ఏ ఏడాదైనా ఇల్లో స్థలమో అమ్మితే ఆ ఒక్క ఏడాదికి మళ్ళీ ఆడిటరు గారి దగ్గరకు వెళ్ళండి. భయం పోవడానికి ఈసారి రిటర్ను మీరే నింపి, దాఖలు చేసే ముందు ఒకసారి చూసిపెట్టమని ఆయననే అడగవచ్చు. చూసిపెట్టడానికి తయారుచేసేటంత ఫీజు అడగరు.

ప్రశ్న: నిరుటి రిటర్నులో తప్పు ఉందని నోటీసు వచ్చింది. తప్పు ఆడిటరుదే. జవాబు రాయడానికి మళ్ళీ ఫీజు కావాలంటున్నారు. ఇవ్వనంటే నా కాగితాలు తిరిగి ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు తప్పు ఎవరిదో నిదానంగా చూడాలి. మీరు ఇచ్చిన వడ్డీ ధ్రువపత్రాన్ని ఆయన ఎక్కించడం మరిచిపోతే తప్పు ఆయనది, జవాబు ఉచితంగా రాయాలి, అపరాధ రుసుము పడితే అందులో వాటా అడగడం కూడా న్యాయమే. ఆ ధ్రువపత్రం మీరు ఇవ్వనే లేదంటే అది కొత్త పని, ఫీజు అడగవచ్చు. ఎవరు రాసినా రిటర్నులోని ప్రతి అంకెకూ పన్ను శాఖ దృష్టిలో జవాబుదారీ మీరే కాబట్టి అసలు పన్నూ దాని మీద వడ్డీ మీరు కట్టక తప్పదు, ఆయనతో తగాదా తేలేదాకా ఆగితే వడ్డీ పెరుగుతుంది.

కాగితాల సంగతి వేరు. ఆయన తయారుచేసిన లెక్కల మీద, ఫీజు బాకీ ఉన్నప్పుడు, ఆయనకు కొంత పట్టు ఉండవచ్చు. మీరు తీసుకెళ్ళి ఇచ్చిన అసలు కాగితాలు మీవి. అమెరికాలో ఐఆర్‌ఎస్ ముందు హాజరయ్యే నిపుణులకు వర్తించే నియమావళి, ఫీజు తగాదా ఉన్నా, పన్ను బాధ్యత నెరవేర్చడానికి కావలసిన ఖాతాదారు కాగితాలు తిరిగి ఇవ్వాలనే చెబుతుంది. మీరు ఏయే కాగితాలు ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో జాబితా రాసి, నోటీసుకు జవాబివ్వవలసిన చివరి తేదీని అందులో పేర్కొని, ఫలానా రోజుకల్లా తిరిగి ఇవ్వమని ఉత్తరం పంపండి, ప్రతి ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆయన ఏ వృత్తి సంస్థలో సభ్యులో ఆ సంస్థకు ఫిర్యాదు చేయవలసి వస్తే మొదట అడిగేది ఆ ఉత్తరమే. ఈలోగా బ్యాంకులోనూ యజమాని దగ్గరా ఆ ధ్రువపత్రాల నకళ్ళు తెచ్చుకుని, గడువు పొడిగించమని పన్ను కార్యాలయానికి మీరే ఒక అర్జీ పెట్టండి.